తెల్లరేవులో ప్రయాణికులకు మనవి

చిట్టీ,

అక్క రాస్తున్నానే. ముందు అందరూ ఎలా ఉన్నారో చెప్పు. మరిదిగారి మోకాలు ఎలా ఉంది? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని పక్కకి తిరిగి దిగమన్నాను, దిగుతున్నారా, నా మాట గాలికి వదిలేశారా? మీ అబ్బాయికి దగ్గు తగ్గిందా? ఆ సిమెంటు గోడౌనులో మూతికి గుడ్డ లేకుండా తిరుగుతాడు, చెబితే చిరాకు పడతాడు. కోడలి నడుంనొప్పి ఎలా ఉంది? పసిదానికి పళ్ళొచ్చే జ్వరం తగ్గి పాలు తాగుతోందా? నిన్ను చివర అడుగుతున్నానని అనుకోకు. అడగాలంటే భయం వేసి వెనక్కి నెట్టుకుంటూ వచ్చాను. మెడ దగ్గర పుండు మానిందా? పడుకుంటే ఊపిరి సరిగ్గా ఆడుతోందా? రాత్రి పక్కన ఎవరైనా ఉంటున్నారా?

ఇక్కడ మేం బాగానే ఉన్నాం. అమ్మాయి ఆసుపత్రి డ్యూటీలు చేసి చేసి చిక్కిపోయింది. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తూనే ఉన్నాడు. అంత ఎత్తున తాళ్ళకి వేలాడతాడని తలచుకుంటే నాకు ముద్ద దిగదు. సాయంత్రం తలుపు చప్పుడైతేనే ప్రాణం కుదుటపడుతుంది.

పోయిన నెల నేను మీ ఇంటికి వచ్చిన సంగతి మనిద్దరం ఇంతవరకూ ఎత్తలేదు. నేనే ఎత్తుతున్నాను. నేను హాల్లోకి రాగానే నువ్వు లోపల గడియ వేసుకున్న చప్పుడు విన్నాను. చెవులు బాగానే పనిచేస్తున్నాయి కదా, ఏం చేస్తాం. కుర్చీ తెచ్చుకుని నీ తలుపు ముందు కూర్చుని, ఏవేవో చెబుతూ పోయాను. తలుపుతో మాట్లాడటం నాకు కొత్త. కాసేపటికి తలుపు కింద నుంచి చీటీ వచ్చింది, "వెళ్ళిపో అక్కా, నన్నిలా చూడకు" అని. వెళ్ళిపోయాను. బస్సులో ఒకామె "కళ్ళలో ఏమైనా పడిందా" అని అడిగితే అవునన్నాను. ఆపరేషనులో నీ గొంతు తీసేశారని ముందే తెలుసు. మెడ దగ్గర రంధ్రం ఉంటుందని, దానికి గుడ్డ కట్టుకుంటావని అమ్మాయి చెప్పే పంపింది. ఇన్నేళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎటు వెళ్తుందో ఊరందరికీ చెప్పినదానివి, నీ బాధ నాకు తెలియక కాదు. కానీ నేను నీ గొంతుని చూడ్డానికి వచ్చానుటే? నిన్ను చూడ్డానికి కదా వచ్చాను.

సరే, ఇప్పుడొక మాట చెబుతాను, నవ్వకు. నేను ఒక ఆట ఆడుతున్నాను. కంప్యూటర్లో.

ఎలా మొదలైందంటే, అల్లుడు పని నుంచి వచ్చి చెవులకి పెద్ద పెద్ద గిన్నెల్లాంటివి తగిలించుకుని, తెర ముందు కూర్చుని "వెనక నుంచి రా, వెనక నుంచి! వాడు చచ్చాడు, నువ్వు పో!" అని కేకలు పెట్టేవాడు. మతి చలించిందేమోనని నేను హడలి చచ్చాను. అమ్మాయి పడీపడీ నవ్వి, "అమ్మా, ఆటే అది, అవతల వాళ్ళ గుంపు ఉంది" అంది. అయినా నాకు నమ్మకం కలగలేదు. కుర్చీ జరుపుకుని వెనక కూర్చుని కాపలా కాసేదాన్ని. "అత్తయ్యా, అలా నిట్టూరుస్తూ కూర్చునే బదులు మీరే ఆడొచ్చుగా" అన్నాడు ఒకరోజు, ఎగతాళికి. మర్నాడు ఆదివారం, ఆటలో నా బదులు తిరగడానికి నాకొక బొమ్మ చేసిపెట్టాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లు ఖాళీ కదా, అప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళడం అలవాటైంది.

చిట్టీ, అదొక లోకం. తెరలో లోకం అంటే టీవీలాగా ఉంటుందనుకున్నాను. కాదు. అందులోకి మనం వెళ్తాం. కొండ కనిపిస్తే అది ఊరికే గీసిన బొమ్మ కాదు, నడుస్తూ పోతే ఆ కొండ ఎక్కుతాం, ఎక్కితే అవతల సముద్రం. మొదటిసారి ఆ సముద్రం చూసి మౌసు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అందులో పొద్దు కూడా వాలుతుందే! చీకటి పడ్డాక రెండు చందమామలు వస్తాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మనిద్దరిలా అనుకున్నాను.

నువ్వూ రా. నాకు తెలిసినవన్నీ రాస్తాను, జాగ్రత్తగా చదువుకో. మొదట తెర మూలనున్న చక్రం బొమ్మ నొక్కి అక్షరాలు పెద్దవి చేసుకో, లేకపోతే కళ్ళు మంటలు. అక్కడే "కెమెరా ఊగడం" అని ఉంటుంది, అది ఆపెయ్యి. నేను ఆపకుండా రెండు రోజులు తిరిగి వాంతి చేసుకున్నాను, అమ్మాయి బీపీ చూసింది. రాక్షసుల అరుపులు తగ్గించి నీళ్ళ చప్పుడు పెంచుకో. దారి వదిలి అడవిలోకి వెళ్ళకు. తోడేలు కనిపిస్తే నమస్కారం పెట్టే మీట నొక్కకు. నేను నొక్కాను. "అత్తయ్యా, అది మర్యాదకి లొంగదు, పరిగెత్తండి" అని అల్లుడు వంటింట్లోంచి అరిచాడు. ఎవరు ఏ పని చెప్పినా ఒప్పేసుకోకు, ఆ ఊళ్ళో అందరూ పనులు చెప్పేవాళ్ళే. పదిమంది పనులు నెత్తినేసుకుని నేను నాలుగు రోజులు నిద్రపోలేదు. "అన్నీ చెయ్యక్కర్లేదత్తయ్యా, వాళ్ళు బొమ్మలు, ఎదురుచూడరు" అని చెప్పాకగాని మనసు తేలికపడలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. ఆట ఆపేటప్పుడు బొమ్మని ఎక్కడపడితే అక్కడ వదిలెయ్యకు. చలిలో, వానలో ఆడమనిషిని ఎలా వదిలేస్తాం? సత్రానికి తీసుకెళ్ళి, పై గదిలో పడుకోబెట్టి, తలుపు మూసి అప్పుడు ఆపు. అల్లుడు చూసి చాలా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి తెర దగ్గరికి వంగాడు. సత్రంలో పడుకున్న బొమ్మకి మర్నాడు బలం రెట్టింపు వేగంతో పెరుగుతుందిట, ఆ సంగతి తెలిసినా అతను బద్ధకించి పొదల్లో ఆపేసేవాడట. ఇప్పుడు అతనూ సత్రానికే వెళ్తున్నాడు.

మొదలుపెట్టినవాళ్ళందరూ ముందు చేరే ఊరు ఒకటుంది, ఓడరేవు. అసలు పేరు నోరు తిరగదు, నేను తెల్లరేవు అంటాను. బుధవారం మధ్యాహ్నం అక్కడ రాతిమెట్ల మీద కూర్చుని ఉంటాను. గోధుమరంగు దుప్పటి కప్పుకున్న ముసలి మాంత్రికురాలిని నేనే. మీ అబ్బాయిని అడిగితే ఆట పెట్టిపెడతాడు. అక్కడ దారిన పోయేవాళ్ళెవరూ నోటితో మాట్లాడరు చిట్టీ. అందరూ రాసుకోవడమే. రాసింది తల మీద మబ్బులా వస్తుంది.

నీ
కంగారక్క


చిట్టీ,

ఎలా ఉన్నావని మళ్ళీ అడుగుతున్నాను, ఈసారి నిన్నే ముందు. మరిదిగారు అమ్మాయికి ఫోన్ చేసి చెప్పారు, నా ఉత్తరం నువ్వు చదివావని, అబ్బాయి చేత ఆట పెట్టించుకున్నావని, కానీ తెరిచి చూడలేదని. బుధవారం నేను రాతిమెట్ల మీద కూర్చునే ఉన్నాను. వచ్చే ప్రతి కొత్త బొమ్మనీ నువ్వేనేమో అనుకుని చెయ్యి ఊపాను. ఒక మరుగుజ్జువాడికి ఎంతసేపు ఊపానంటే, వాడు జాలిపడి నాకొక ఆపిల్ ఇచ్చి వెళ్ళాడు.

నిజం చెప్పనా, కోపం వచ్చింది. తలుపు ముందు కూర్చున్నాను, అయింది. ఇప్పుడు లేని ఊళ్ళో లేని మెట్ల మీద కూడా కూర్చోవాలా అనిపించింది. ఆ కోపంలో కనిపించిన మొదటి పడవ ఎక్కేశాను. ఎటు వెళ్తుందో చూసుకోలేదు. ఆ రేవులో పడవలన్నీ నీళ్ళ మీదికి వేసిన ఒకే చెక్కపలక దగ్గర ఆగుతాయి, ఏది ఎటో రాసిన బోర్డు చీమ తలంత, కొత్తవాళ్ళు చూడనే చూడరు. నేనెక్కింది పొగకొండకి వెళ్ళే పడవ. దిగీ దిగగానే ఏదో రెక్కలున్నది వచ్చి ఒక్క దెబ్బ కొట్టింది, చచ్చిపోయాను.

కంగారుపడకు. ఆటలో చస్తే ఏమవుతుందో చెప్పాలనే రాస్తున్నాను. లోకమంతా బూడిదరంగైపోతుంది. చప్పుళ్ళన్నీ ఆగిపోతాయి. దెయ్యమై ఎక్కడో శ్మశానంలో లేస్తాం, అక్కణ్ణుంచి మన శరీరం పడివున్న చోటుకి నడిచి వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ బతుకుతాం. మొదట ఏడుపొచ్చింది, కానీ నడిచాను. ఆ నడకలో ఏదీ మనల్ని ముట్టుకోలేదు చిట్టీ. నన్ను చంపిన ఆ రెక్కల జంతువు పక్కనుంచే వెళ్ళాను. అది నిద్రపోతోంది, ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది, కడుపు పైకీ కిందకీ ఆడుతోంది. బతికుండగా దాన్ని అంత దగ్గరగా ఎవరూ చూసి ఉండరు. పొలుసు పొలుసుకీ ఒక రంగు. భయస్తురాలినైన నేను అక్కడ నిలబడిపోయి ఎంతసేపు చూశానో! ఇంత అందమైనది ఎవరో కూర్చుని చేశారు కదా, నాలాంటి ముసలిది దారి తప్పి వచ్చి చూస్తుందని అనుకుని ఉంటారా?

బతికి లేచాక ఎద్దుతల ఉన్న మనిషొకడు ఎదురై, నా తెర మీద ఏదో పెట్టె తెరిపించాడు. "సమ్మతమా?" అని ఉంది. కాదంటే బాగుండదని సమ్మతం నొక్కాను. అది ద్వంద్వయుద్ధానికట! ఒక్క గొడ్డలి దెబ్బకి మళ్ళీ కూలిపోయాను. పాపం, అతనే కంగారుపడిపోయి, "అయ్యో, పొరపాటున నొక్కానమ్మా, మీరు ఎందుకు ఒప్పుకున్నారు?" అని రాశాడు. "మొహమాటానికి నాయనా" అని రాశాను. అతను రొట్టెల బట్టీలో పనిచేస్తాడట. తిరిగి రేవుదాకా తోడు వచ్చాడు. నువ్వు మాత్రం పెట్టెలు తెరుచుకుంటే చదివి నొక్కు. ఆ చక్రం బొమ్మలోనే "యుద్ధాహ్వానాలు వద్దు" అని ఉంది, ముందే నొక్కి ఉంచుకో.

నీకు ఇష్టం లేకపోతే రావద్దు. బతిమాలను. మనసులో ఉన్న ఒక్కటి మాత్రం చెప్పేస్తాను. నువ్వు వెళ్ళిపొమ్మన్నందుకు కాదు నాకు నొప్పి. నిన్నిలా చూస్తే నేను తట్టుకోలేనని నువ్వు అనుకున్నావు చూడు, అందుకు. నేను అన్నిటికీ భయపడతాను, లిఫ్టులకీ, మెట్లకీ, వానకీ. నీకెప్పుడైనా భయపడ్డానా?

బుధవారాలు మెట్ల మీదే ఉంటాను.

అక్క


చిట్టీ చిట్టీ,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ పోతే సర్దుకుని చదువుకో. అన్నిరకాల బొమ్మలుండగా కోరలున్న ఆ పచ్చరంగు రాకాసిని ఎంచుకున్నావేమిటే! నా ఎదురుగా వచ్చి నిలబడితే రెండు బీరువాలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఎత్తున్నావు. పారిపోబోయాను. అప్పుడు తల మీద మబ్బు వచ్చింది, "కంగారక్కా, ఆగు" అని. నన్ను అలా పిలిచేవాళ్ళు ఈ లోకంలోనూ ఆ లోకంలోనూ ఒక్కరే. "ఇదేం వేషమే" అంటే "సన్నగా ఉన్నవాళ్ళ మాట ఎవరు వింటారక్కా" అన్నావు. ఇంట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను.

ఆ తరవాత జరిగింది నీకు తెలుసు, అయినా రాస్తాను. నువ్వు చేసే పనిలో పడి చూసుకొని ఉండవు. నేను చూశాను.

కొత్తవాళ్ళు గుంపుగా రేవుకి వచ్చారు, పలక మీద తోసుకుంటున్నారు. పొగకొండ పడవ రాగానే సగంమంది ఎక్కెయ్యబోయారు. ఇద్దరు అంచున నిలబడి నీళ్ళలో పడ్డారు. నువ్వు కాసేపు చూస్తూ ఊరుకున్నావు. అప్పుడే అనుకున్నాను, దీని చేతులు దురదపెడుతున్నాయి, ఇది ఊరుకోదు అని. పోయి ఒక పీపా మీదికెక్కి నిలబడ్డావు. నీ తల మీద మబ్బు లేచింది.

"ప్రయాణికులకు మనవి. ఇప్పుడు పలక దగ్గరికి వచ్చిన పడవ పొగకొండకు వెళ్తుంది. కొత్తవారు దయచేసి ఎక్కవద్దు. పచ్చలోయకు వెళ్ళువారు తరవాతి పడవ కొరకు ఎడమ పక్కన వేచి ఉండగలరు."

అక్షరం అక్షరం నీ గొంతే. ఏ మాట మీద ఆగుతావో, ఏ మాట సాగదీస్తావో అంతా వినిపించింది నాకు. చెవులకి కాదు, ఎక్కడికో మరి.

వాళ్ళేమో నిన్ను ఆటవాళ్ళు పెట్టిన బొమ్మ అనుకున్నారు! ఒక్కొక్కరూ వచ్చి నిన్ను నొక్కడం. "ఈ రాకాసి ఏ పని ఇస్తుంది?" "నేనూ నొక్కాను, పెట్టె తెరుచుకోవట్లేదు." "కొత్తగా పెట్టినట్టున్నారు, ఇంకా బాగుచెయ్యలేదేమో." ఒకడైతే నీ చుట్టూ గెంతుతూ "పని ఇవ్వు, పని ఇవ్వు" అని ప్రాణం తీశాడు. నువ్వు తాపీగా, "నేను మనిషినే నాయనా. నీకు పని కావాలంటే వరసలో నిలబడు, అదే పని" అన్నావు. రేవంతా నవ్వు. మన రొట్టెలాయన ఎద్దుతల ఊపుకుంటూ వచ్చి వరస సర్దడం మొదలుపెట్టాడు. అటు తిరిగి "అమ్మ చెప్పేది చదవండి ముందు" అని గద్దించాడు కూడా.

చూస్తుండగానే వరస కట్టేశారు. కొమ్ములవాళ్ళు, రెక్కలవాళ్ళు, గుర్రాల మీదున్నవాళ్ళు, పులిని వెంటబెట్టుకున్నవాడు, నడుము దాకా లేని మరుగుజ్జులు. సముద్రంలో పొద్దు వాలుతోంది. తెల్లటి తెరచాప పడవ తిరుగుతూ వస్తోంది. ఇన్ని రకాల ప్రాణులు ఒక్కళ్ళనొక్కళ్ళు తోసుకోకుండా నీ మబ్బు వైపు తలెత్తి చూస్తూ నిలబడ్డారు. ఎవరి ఊరు ఏదో, ఎవరి భాష ఏదో, పెద్దవాళ్ళో చిన్నవాళ్ళో, ఎవరికెవరు. నువ్వు "ఎక్కవచ్చు" అన్నావు, ఎక్కారు. పడవ కదిలాక వాళ్ళంతా అంచున నిలబడి నీకు చేతులు ఊపారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను చిట్టీ. ఎందుకో కూర్చోబుద్ధి కాలేదు.

అల్లుడు వచ్చేసరికి నేనింకా నిలబడే ఉన్నాను. "ఏమైందత్తయ్యా, చచ్చిపోయారా?" అని అడిగాడు పాపం. తెర చూపించాను. చాలాసేపు చూసి, "నేను ఇన్నాళ్ళుగా ఆడుతున్నాను, ఆ రేవులో వరస ఎప్పుడూ చూడలేదు" అన్నాడు.

ఆట ఆపేటప్పుడు సత్రానికి వెళ్ళావా? నీ రాకాసి మంచంలో పట్టిందా? చలిగాలిలో వదిలెయ్యలేదు కదా? ఒక మాట అడగనా? ఇప్పుడైనా నన్ను రానిస్తావా? తలుపు తీస్తావా?

అక్క


చిట్టీ,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ చేతిరాత చూడగానే చదవకుండానే దిండు కింద పెట్టేశాను, భయం వేసి. అమ్మాయి తీసి నా చేతిలో పెట్టి, "చదువమ్మా, నేనిక్కడే ఉంటాను" అంది.

మొదటి మాటే "నువ్వు రావద్దు అక్కా" అని ఉంది. అక్కడే ఆగిపోయాను. కాగితం మడిచేశాను. అమ్మాయి లాక్కుని మిగతాది పైకి చదవబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి నేను ఏమైపోయేదాన్నో. అలాంటి మాట ముందు పెట్టి రాస్తారుటే ఎవరైనా? నా గుండె సంగతి తెలిసీ!

నువ్వు రాసింది మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. బస్టాండులో ఇంకా నీ గొంతే మోగుతోందని నాకు తెలియదే. కొత్తమనిషిని పెట్టకుండా, ఎప్పుడో నీ చేత పలికించి పట్టుకున్న మాటలనే మిషనులో వేసి వదులుతున్నారని, మీ ఇంటి వీధి చివరికి వస్తే గాలివాటున అది వినిపిస్తుందని, అందుకే కిటికీలు మూసుకున్నావని, గది దాటలేదని రాశావు. "నేను మూగదాన్నై ఇంట్లో ఉంటే, నేను అక్కడ బస్సులు పిలుస్తున్నానక్కా" అన్నావు చూడు, అక్కడికి వచ్చేసరికి అమ్మాయి చదవడం ఆపి నా పక్కన కూర్చుంది. నేనేమో నాకు నీ మొహం చూపించలేక గడియ వేసుకున్నావనుకున్నాను. నా చీర కొంగుకి ఆ బస్టాండు దుమ్ము అంటించుకుని వచ్చానని, వస్తూనే "దిగగానే నీ గొంతులాంటిదే వినబడిందే" అని హాల్లోంచి అరిచానని రాశావు, నాకు గుర్తే లేదు. నేనే అన్నానా ఆ మాట? అన్నానేమో. నాకు నోరు ఆగదు.

ఇప్పుడు ఆ గొంతు మీద పగ లేదని రాశావు. రేవులో ఆ జనమంతా నీ మాట చదివి కదిలాక ఒకటి తోచిందన్నావు, ఆ గొంతు నిన్ను వదిలి పోలేదని, నీకన్నా ముందే అటు బస్టాండుకీ ఇటు రేవుకీ వెళ్ళి పనిచేసుకుంటోందని. దాని కింద ఒకసారి నిలబడాలని ఉందన్నావు. మెడకి గుడ్డ కట్టుకుని, ఏ ప్లాట్‌ఫారమో అదే చెబితే విని, అది చెప్పిన బస్సే ఎక్కి మా ఇంటికి నువ్వే వస్తానన్నావు. ఎంత మాట రాశావే! నా చెల్లెలు తన గొంతు పిలిస్తే బస్సెక్కడం! ఆ పొగకొండ జంతువుని చూసినప్పుడు కూడా నాకు ఇంత ఆశ్చర్యం వెయ్యలేదు.

ఒక్కదానివే వస్తానన్నావు, సరే, వద్దనను. కానీ కిటికీ వైపు కూర్చోకు, దుమ్ము. ముందు సీట్లో కూర్చో, ఊగదు. గుడ్డలు నాలుగు తెచ్చుకో, ఇక్కడ ఉతికి ఆరేస్తాను. పలకా, బలపమూ తెస్తానన్నావు, ఎందుకు, ఇక్కడ కాగితాలు బోలెడున్నాయి. అల్లుడు ఆ రోజు సెలవు పెడతానన్నాడు, వాళ్ళ గుంపంతా నిన్ను చూడాలని గోల చేస్తున్నారట, నేను కుదరదన్నాను. ముందు నేను చూడాలి. ఇంటి ముందు మలుపులో, బస్సు ఆగేచోట నేనే నిలబడతాను. బస్సు ఆలస్యమైనా నిలబడే ఉంటాను, అమ్మాయి కుర్చీ వేస్తానంది. నువ్వు దిగగానే ఏం చెయ్యాలో ఇంకా తోచడం లేదు.

పద్నాలుగో తారీకు, మంగళవారం, పొద్దుటి బస్సు.

నీ
అక్క